రెండు తెల్ల కాగితాలు

కృష్ణమోహన్ గారు పంజగుట్టలో ఏదో హోటల్లో రెండు రోజులు మేనేజ్‌మెంట్ క్లాసులు విని వచ్చారు. వచ్చిన మర్నాడే అమీర్‌పేటలోని తన ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే పదకొండు మందినీ కూర్చోబెట్టి తలా ఒక నలభై ప్రశ్నల కాగితం ఇచ్చారు. పెళ్లికి వెళ్తే తెలియనివాళ్లతో మాట కలుపుతారా, ఓ మూల కూర్చుంటారా? ఆదివారం ఇంట్లోనే ఉంటే హాయిగా ఉంటుందా, విసుగ్గా ఉంటుందా? అన్నీ ఇలాంటివే. జవాబు రాసే మనిషి ఏం చదివాడో, ఏం నేర్చుకున్నాడో నలభైలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

మూడో రోజుకి ఫలితాలు వచ్చేశాయి. ఒక్కొక్కరి స్వభావం ఒక్కో రంగు కార్డు మీద అచ్చయి, లామినేషన్ చేయించుకుని, ఎవరి బల్ల మీద వాళ్లకి అతుక్కుంది. ల్యాబ్‌లో ఉండే వంశీకృష్ణకి నీలం కార్డు. "అంతర్ముఖుడు. లోతైన విశ్లేషకుడు" అని ఉంది. రిసెప్షన్‌లో కూర్చునే షెర్లిన్‌కి పసుపు కార్డు. "బహిర్ముఖి. కలివిడి మనిషి. జనంతో మెలిగే పనులకు తగినవారు. లోతైన ఆలోచన అవసరమైన పనులు అప్పగించరాదు."

ఆ ఆఖరి వాక్యం దగ్గరే వచ్చింది చిక్కంతా. ఎందుకంటే సరిగ్గా వారం కిందటే షెర్లిన్ డేటాబేస్ ట్రైనర్ ఉద్యోగం తనకివ్వమని అడిగింది. ఆ పాఠం చెప్పేవాడు బెంగుళూరు వెళ్లిపోయాడు. షెర్లిన్ స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేసింది. రిసెప్షన్‌లో కూర్చుంటూనే దూరవిద్యలో ఎంసీఏ పూర్తి చేసింది. నాలుగేళ్లలో తీరిక దొరికినప్పుడల్లా క్లాసుల్లో వెనక బెంచీ మీద కూర్చుని అన్ని లెక్కలూ చేసింది. ట్రైనర్లు వెళ్లిపోయాక సందేహాలున్న పిల్లలు ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె కరపత్రాల వెనక బొమ్మలు గీసి, నవ్వించి, గుక్క తిప్పుకోకుండా చెప్పి పంపించేది. పక్క గదిలోంచి కృష్ణమోహన్ గారికి ఆ నవ్వులు వినిపించేవి. పాఠం వినిపించేది కాదు.

"ఏంటమ్మా షెర్లిన్, రిసెప్షన్‌లో నీకేం తక్కువైంది?" అన్నారాయన, ఆమె కార్డు పట్టుకుని వెళ్తే. "నీ మాట మంచిదనే కదా సగం మంది ఇక్కడ చేరేది. ట్రైనర్ అంటే మాటలొక్కటే సరిపోవు తల్లీ, బుర్ర కూడా ఉండాలి. నిన్ను తక్కువ చేసి అనట్లేదు. ఒక్కొక్కరికి ఒక్కో రకం తెలివి ఇస్తాడు దేవుడు."

చెడ్డవాడైతే ఎదురు మాట అనేసి పోయేది. ఆయన మంచివాడు. తిట్టు కూడా తల నిమిరినట్టు తిడతాడు. దాంతో షెర్లిన్‌కి ఒళ్లు మరీ మండింది. ఆ ఉద్యోగం తనదేనని, తీసుకునే తీరతానని ఆ నిమిషంలోనే నిశ్చయించుకుంది. దారి మాత్రం తప్పుది ఎంచుకుంది. మాట్లాడేవాళ్లకి బుర్ర లేదంటున్నారు కదా, అయితే మాట్లాడకపోతే సరి అనుకుంది. కోపంలో తీసుకున్న నిర్ణయం కనక ఆ సాయంత్రానికి అది చాలా తెలివైనదిగా కనిపించింది.

మర్నాటి నుంచి షెర్లిన్ నోరు కట్టేసుకుంది. "మేడమ్, కొత్త బ్యాచ్ ఎప్పుడు?" అంటే "సోమవారం." "ఎన్నింటికి?" అంటే "ఏడింటికి." అంతే. టీ తెచ్చే పెంటయ్య రెండు రోజులు చూసి, మూడో రోజు కప్పుతో పాటు కాగితంలో చుట్టి నాలుగు లవంగాలు తెచ్చిపెట్టాడు.

"పంటి నొప్పా బిడ్డా? దవడ కింద పెట్టుకో, జర తగ్గుతది," అన్నాడు.

బల్కంపేటలో ఇంటి దగ్గర ఇంకా గొడవ. తల్లి మగ్దలీనమ్మ కూరగాయలు తరుగుతూ కూతురి ముఖంలోకి వంగి వంగి చూసేది. "ఎవడన్న ఏమన్న అన్నడా? లేకపోతే ఎవన్నన్న ఇష్టపడ్డవా? ఏదో ఒకటి చెప్పే, నాకు ఫికర్ అయితుంది." జవాబు రాకపోయేసరికి చర్చిలో స్త్రీల కూటం నాడు పేరు చెప్పి మరీ ప్రార్థన చేయించింది. షెర్లిన్ నోరు తెరవాలని ముప్పై మంది ఆడవాళ్లు కళ్లు మూసుకుని దేవుణ్ణి వేడుకోవడం చరిత్రలో అదే మొదటిసారి అయ్యుంటుంది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆమె నోరు మూయించలేక అలసిపోయినవాళ్లు కూడా ఆ ముప్పై మందిలో ఉన్నారు.

ఆఫీసులో మాత్రం ఆమె పరపతి రోజురోజుకీ పెరిగింది. "షెర్లిన్ చాలా మారిపోయింది," అనుకున్నారు. కృష్ణమోహన్ గారైతే పిలిచి మరీ మెచ్చుకున్నారు. "ఈ మధ్య నీలో ఒక గాంభీర్యం వచ్చిందమ్మా. అలా ఉండాలి." నిజానికి ఆ మూడు వారాల్లో ఆమె కొత్తగా నేర్చుకున్నది గుండుసున్నా. పైగా పాత లెక్కలే చేతికి రావడం మానేశాయి. రోజూ వంటింట్లో తల్లికి వినిపిస్తూ చేసే లెక్కలు ఇప్పుడు మౌనంగా చేద్దామంటే సగంలో చెదిరిపోయేవి. అలసట అనుకుంది. అంతకన్నా లోతుగా ఆలోచించలేదు. గాంభీర్యం కాపాడుకునే పనిలో ఉంది మరి.

ఇంతలో ఒక గొడవ వచ్చిపడింది. పంజగుట్టలో ఒక కంపెనీ ఈ ఇన్‌స్టిట్యూట్ పిల్లల్ని ఇంటర్వ్యూలకి పిలుస్తానంది. హాజరు డెబ్బై ఐదు శాతం దాటినవాళ్ల జాబితా పంపమంది. కంప్యూటర్ తీసిన జాబితాలో ఇరవై ముగ్గురి పేర్లు లేవు. వాళ్లలో ఎవరూ క్లాసులు ఎగ్గొట్టేవాళ్లు కారు. రవళి అనే అమ్మాయైతే జ్వరంతో కూడా వచ్చి కూర్చునే రకం. అందరూ రిసెప్షన్ మీదికి వచ్చారు. ఏ రోజు హాజరు ఆ రోజు సరిగ్గానే ఎక్కి ఉంది. జాబితా మాత్రం తప్పు. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు.

కృష్ణమోహన్ గారు ఈ మధ్య గాంభీర్యం వచ్చిన షెర్లిన్‌నీ, నీలం కార్డు వంశీకృష్ణనీ ల్యాబ్‌లోకి పిలిచారు. "ట్రైనర్ ఉద్యోగానికి ఇదే మీ ఇద్దరికీ పరీక్ష. తప్పెక్కడుందో కనిపెట్టి కాగితం మీద రాసివ్వండి. రెండు గంటలు టైము," అని చెప్పి, అద్దాల తలుపు అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

షెర్లిన్ ముందు కంప్యూటర్‌లో వరుసలు వరుసలుగా పేర్లు, తేదీలు. ఏదో ఒక ఆలోచన మొదలయ్యేది. దానితోపాటే పెదవులు కదలబోయేవి. అద్దం వెనక నుంచి సార్ చూస్తున్నారని గుర్తొచ్చి పెదవులు బిగించేది. ఆలోచన అక్కడే ఆగిపోయేది. గంట గడిచింది. రెండు గంటలూ గడిచాయి. జీవితంలో ఇంత తెలివితక్కువగా ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు. చేతిలో కాగితం తెల్లగా ఉంది.

వంశీకృష్ణ కాగితమూ తెల్లగానే ఉంది.

కృష్ణమోహన్ గారు రెండూ తీసుకున్నారు. వంశీ కాగితం చూసి తలాడించారు. "ఇంకా ఆలోచనలోనే ఉన్నావన్నమాట. తొందరపడి ఏదో ఒకటి గీకెయ్యలేదు చూడు, లోతంటే అదీ! రేపు పొద్దున డెమో నువ్వే చెయ్యి. ఈలోపు నింపాదిగా ఆలోచించు." తర్వాత షెర్లిన్ కాగితం చూశారు. "నేను ముందే చెప్పాను కదమ్మా," అన్నారు జాలిగా.

ఒకే రకం తెల్ల కాగితాలు. ఒకదానిలో ఆయనకి సముద్రమంత లోతు కనిపించింది, రెండోదానిలో ఖాళీ కనిపించింది. షెర్లిన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగినంత వేగంగానే ఆరిపోయాయి కూడా. కోపానికి ఆ ఒక్క సుగుణం ఉంది.

జాబితాకి ఇంకొక్క రోజు గడువు అడగమని కృష్ణమోహన్ గారు వాళ్లిద్దర్నే పంజగుట్ట పంపారు. కంపెనీలో షెర్లిన్ రెండు నిమిషాలు మాట్లాడి మర్నాటి మధ్యాహ్నం దాకా గడువు తెచ్చింది. వంశీ ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. తిరుగుదారిలో మెట్రో ఎక్కబుద్ధి కాక ఆమె నడక మొదలుపెట్టింది. వంశీ వెనకాలే నడిచాడు. కొంత దూరం వెళ్లాక అతనే నోరు తెరిచాడు. ఉద్యోగంలో చేరిన రెండేళ్లలో అతను తనంతట తాను మాట్లాడటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"షెర్లిన్ గారూ, మీకో మాట చెప్పాలండీ. నేను అక్కడ ఆలోచించట్లేదు."

"మరి?"

"ఏమీ తెలియక కూర్చున్నా. చిన్నప్పటి నుంచీ అంతేనండీ. నోరు తెరిస్తే తప్పు బయటపడుద్దని మూసుకుని కూర్చుంటా. మా తణుకులో మాస్టార్లు కూడా మేధావి అనుకున్నారు. కాదని చెప్పాలన్నా మళ్లీ నోరు తెరవాలి కదండీ! రేపు డెమోలో ఏం చెప్పాలో కూడా తెలీదండీ."

షెర్లిన్ నడుస్తూనే తిరిగి అతని వైపు చూసింది. సార్ సంగతి సరే. తను కూడా రెండేళ్లుగా ఇతన్ని మహా తెలివైనవాడనే అనుకుంది కదా! ఎందుకనుకుంది? మాట్లాడడు కాబట్టి. అంతకు మించి ఏ ఆధారమూ లేదు. పసుపు కార్డు ఆమె బల్ల మీదికి రాకముందే ఆమె బుర్రలో ఉంది. సిగ్గేసింది. ఆ సిగ్గు కూడా కోపంగానే బయటికొచ్చింది. మూడు వారాలుగా ఆపుకున్న మాటలన్నీ ఒక్కసారిగా ఊడిపడ్డాయి.

"మరి నేనేం జేసిన? నేను సుత బెల్లం కొట్టిన రాయి లెక్క కూసున్న! నాకు తెల్వదా ఆ పిల్లల సంగతి? రవళి రోజూ వస్తది. నాకెట్ల తెల్సు? రోజూ పొద్దుగాల నాకు గుడ్ మార్నింగ్ చెప్పి లోపలికి పోతది గదా. కాదు, ఆగు. పొద్దుగాల కాదు, గీ మధ్యల సాయంత్రం వస్తున్నది. హాస్టల్ల టిఫిన్ టైమ్ మార్చిన్రని సాయంత్రం బ్యాచ్‌కి మారింది. మార్చింది నేనే. ఆ పక్కన పేరున్న పిలగాడు? వాడు సుత మారిండు, ఉద్యోగం దొరికిందని. వాని కింద పేరు..." ఆమె నడక ఆగిపోయింది. సెల్‌ఫోన్ కవర్లు అమ్మే బండి ముందు, ఫుట్‌పాత్‌కి అడ్డంగా నిలబడింది. "వంశీ, బ్యాచ్ మారితే పాత బ్యాచ్‌ల పేరు తీసేస్తమా?"

"తియ్యమండీ. అది అలాగే ఉంటుంది. కొత్త బ్యాచ్‌లో ఇంకో వరుస చేరుద్ది."

"అంటే కంప్యూటర్ లెక్కల రవళి ఇద్దరు మనుషులు! పొద్దుటి బ్యాచ్‌కి సగం రోజులు వచ్చి మానేసిన రవళి ఒకతి. సాయంత్రం బ్యాచ్‌కి సగం రోజులే వచ్చిన రవళి ఇంకొకతి. ఇద్దర్ల ఎవ్వరికీ డెబ్బై ఐదు రాదు. ఇద్దర్నీ తీసేసింది! ఇరవై ముగ్గురూ బ్యాచ్ మారినోళ్లే!"

బండివాడు కవర్లు సర్దడం ఆపి ఆమెని చూశాడు. షెర్లిన్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ సంగతంతా మొదటి నుంచీ తన దగ్గరే ఉంది. ల్యాబ్‌లో రెండు గంటలు కూర్చున్నా రానిది, నోరు తెరిచిన రెండు నిమిషాల్లో వచ్చేసింది. అందరికీ ఆలోచన లోపల తయారై బయటికి మాటగా వస్తుందేమో. తనకి మాట్లాడుతుంటేనే తయారవుతుంది. నోరు కట్టేసుకుని గాంభీర్యం వచ్చిందనుకుంది గానీ, కట్టేసుకున్నది బుర్రని.

"వెళ్లి సార్‌కి చెప్పెయ్యండి," అన్నాడు వంశీ.

"ఇప్పుడు చెప్తే నువ్వు చెప్పినవనుకుంటడు. ఆయన కండ్ల ముందట చెప్త. రేపు డెమోల, అందరి ముందట."

"డెమో నాది కదండీ?"

"నీకు కావాల్నా?"

వంశీ తల అడ్డంగా ఊపాడు. అంత సంతోషంగా తల ఊపిన మనిషిని ఆమె ఈ మధ్య చూడలేదు.

డెమో సంగతి అమీర్‌పేటలో తిరిగినవాళ్లకి తెలుసు. ఏ కోర్సుకైనా మొదటి క్లాసు ఊరికే వినొచ్చు. నచ్చితే రెండో రోజు వస్తారు. నచ్చకపోతే మధ్యలోనే లేచి ఎదురు బిల్డింగ్‌లో ఇంకో డెమోకి పోతారు. అరవై మందిని కుర్చీల్లోంచి లేవకుండా ఆపగలిగినవాడిదే ఆ బ్యాచ్. మర్నాడు ఉదయం ఏడింటికి హాలు నిండిపోయింది. కృష్ణమోహన్ గారు ఎప్పట్లాగే ఆఖరి వరసలో కూర్చున్నారు. షెర్లిన్ తిన్నగా ఆయన దగ్గరికే వెళ్లింది.

"సార్, డెమో నేను చేస్త."

"మళ్లీ ఏంటమ్మా ఇది? నిన్న అయిపోయింది కదా. వెళ్లు, రిసెప్షన్‌లో ఎవరూ లేరు."

"నిన్న ఇద్దరం తెల్ల కాగితాలే ఇచ్చినం సార్. ఆయనకి ఇంకో అవకాశం ఇచ్చిన్రు. నాకెందుకియ్యరు?"

ఈలోపు వంశీ వచ్చి పక్కన నిలబడ్డాడు. "సార్, నాకు రాదు. నిన్న నాకేమీ తెలియకే రాయలేదు. లోతేమీ లేదు సార్." ఇంత పెద్ద మాట ఒక్క ఊపిరిలో అనేసి, మార్కర్ షెర్లిన్ చేతిలో పెట్టి వెళ్లి కూర్చున్నాడు.

ముందు వరసలో ఇద్దరు వాచీ చూసుకున్నారు. ఒకడు సంచీ భుజాన వేసుకున్నాడు కూడా. కృష్ణమోహన్ గారు ఏమన్నా అనేలోపు షెర్లిన్ బోర్డు దగ్గరికి నడిచింది.

"సంచి దించు తమ్ముడూ, ఇరవై నిమిషాలు కూసో. బాలేకపోతే ఎదురు బిల్డింగ్‌కి నేనే తోలుకపోత," అంది. హాలంతా నవ్వింది. వాడు సంచీ దించాడు.

తర్వాత రవళి కథ చెప్పింది. రోజూ క్లాసుకి వచ్చే ఒక అమ్మాయిని కంప్యూటర్ ఇద్దర్ని చేసి, ఇద్దర్నీ బయటికి ఎలా గెంటిందో చెప్పింది. బోర్డు మీద రెండు గడులు గీసింది. పొద్దున ముప్పై రోజులు, సాయంత్రం ముప్పై రోజులు. మొత్తం కోర్సు అరవై రోజులు. "మనం కంప్యూటర్‌ని ఏమడిగినం? ఒక్కొక్క బ్యాచ్‌ల ఎన్ని రోజులొచ్చిందో చెప్పమన్నం. ఏమడగాలె? ఒక్కొక్క మనిషి ఎన్ని రోజులొచ్చిందో చెప్పమనాలె. అది అబద్ధం చెప్పలే. మనమే తప్పడిగినం." రెండు గడుల్నీ ఒక మనిషి కింద కలిపింది. అరవైకి అరవై. నూటికి నూరు. ఎవరో చప్పట్లు కొట్టారు.

వెనక వరసలో కృష్ణమోహన్ గారు వంశీ వైపు తిరిగి, "నువ్వు చెప్పావా?" అన్నారు గొంతు తగ్గించి. కాదన్నాడు వంశీ. ఆయన నమ్మలేదు. ముప్పై ఏళ్లు కంప్యూటర్లతో బతికిన మనిషి ఆయన. ఎరువు తెచ్చుకున్న తెలివి ఎక్కడ తెగిపోతుందో తెలుసు. లేచి నిలబడ్డారు.

"ఒక ప్రశ్న. ఒక కుర్రాడు పొద్దున క్లాసుకి వచ్చాడు. అర్థం కాలేదని అదే రోజు సాయంత్రం క్లాసులో కూడా కూర్చున్నాడు. రెండు చోట్లా హాజరు పడింది. నువ్వు రెండూ కలిపేస్తే అరవై రోజుల కోర్సుకి వాడు డెబ్బై రోజులు వచ్చినట్టు వస్తుంది. అప్పుడేంటి?"

షెర్లిన్‌కి జవాబు తెలియదు. ఈ ప్రశ్న ఆమెకి అసలు తట్టనే లేదు. నిన్నటి దాకా అయితే పెదవులు బిగించి నిలబడేది.

"నాకు తెల్వదు సార్," అంది గట్టిగా. "ఉండండి, మాట్లాడుకుంట కనుక్కుందం." బోర్డు వైపు తిరిగింది. "కలిపితే ఎక్కువొస్తది. అయితే కలపొద్దు. రెండు బ్యాచ్‌ల ఏది పెద్దగుంటే అది తీసుకుందం. వీనికి సరిపోయింది. కానీ రవళికి? పొద్దున ముప్పై, సాయంత్రం ముప్పై. పెద్దది తీసుకుంటే మళ్ల ముప్పయే. మళ్ల ఇంటర్వ్యూ పోయింది పిల్లకి! తప్పు." తను రాసింది తానే కొట్టేసింది. ముందు వరసలోవాళ్లు ముందుకు వంగారు. "అసలు వీనికీ రవళికీ తేడా ఏంది? ఇద్దరికీ రెండు బ్యాచ్‌లల్ల పేరుంది. రవళి పొద్దున వచ్చిన రోజులు వేరు, సాయంత్రం వచ్చిన రోజులు వేరు. వీడు ఒక్కటే రోజు రెండుసార్లు వచ్చిండు. ఒక్కటే రోజు... ఒక్కటే తేదీ!" మార్కర్ బోర్డు మీద టక్కున ఆగింది. "మనం హాజర్లు లెక్కపెడ్తున్నం సార్. తేదీలు లెక్కపెట్టాలె. మనిషి పేరు మీద ఎన్ని వేర్వేరు తేదీలున్నయో గంతే. ఒక తేదీల ఎన్నిసార్లు వచ్చినా ఒక్క రోజే. వీనికి అరవై, రవళికీ అరవై!"

ఈసారి చప్పట్లు హాలంతా మోగాయి. సంచీ దించినవాడు అన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుంటున్నాడు. కృష్ణమోహన్ గారు కూర్చోవడం మరిచిపోయి అలాగే నిలబడి ఉన్నారు. ఒక ఆలోచన పుట్టడం, తప్పటడుగు వేయడం, దిద్దుకోవడం, నిలబడటం ఆయన అరవై మందితో పాటు కళ్లారా చూశారు. ఇప్పుడిది ఎవరో చెప్పి పంపారనడానికి లేదు. ప్రశ్న వేసింది ఆయనే.

క్లాసు అయ్యి పిల్లలు లేస్తున్నప్పుడు ఆయన బోర్డు దగ్గరికి వచ్చారు.

"ఇంత తెలిసినదానివి నిన్న ఎందుకు రాయలేదమ్మా?"

"మాట్లాడొద్దనుకున్న సార్. మాట్లాడితే బుర్ర లేదనుకుంటరని, మూడు వారాల నుంచి నోరు మూసుకున్న. నోరు మూస్తే నాకు ఆలోచనే రాదు."

"అలా అని ఎవరన్నారు నీతో?"

"మీరే సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. బోర్డు వైపు చూశారు. షెర్లిన్ ఎదురుచూసింది. వెనక కుర్చీల దగ్గర వంశీ కూడా ఎదురుచూశాడు. ఆ మౌనం చాలాసేపు సాగింది.

"మీరు ఆలోచిస్తున్నరా సార్," అంది షెర్లిన్, వెటకారం ఏమీ లేకుండా, నిజంగానే తెలుసుకోవాలని, "లేకపోతే ఏం చెప్పాల్నో తెలుస్తలేదా?"

కృష్ణమోహన్ గారి చెవులు ఎర్రబడ్డాయి. "తెలీట్లేదమ్మా," అన్నారు.

"అయితే నేను చెప్త. జాబితా దిద్ది మధ్యాహ్నంలోపు కంపెనీకి పంపుత. రెండో క్లాసు రేపు పొద్దున ఏడింటికి. నేనే తీసుకుంటున్న," అని ఆమె పిల్లల వైపు తిరిగింది.